క్లయింటమ్మ

సోషల్ వర్క్ డిగ్రీ రెండో ఏడాది పిల్లలంతా ఆమెను క్లయింటమ్మ అంటారు. ఇంటర్వ్యూ సాధన చేసే క్లాసులో ఒకరు సోషల్ వర్కర్‌గా, ఒకరు సాయం కోరి వచ్చిన మనిషిగా, అంటే క్లయింటుగా నటించాలి. ఎవరెంత బతిమాలినా ఆమె ఆ రెండో కుర్చీకే పోతుంది. చెప్పులు గుమ్మం అవతల విడిచి, కుర్చీ అంచున ఒదిగి కూర్చుని, సంచి ఒళ్లో పెట్టుకుంటుంది. కుడిచెయ్యి మాత్రం పిడికిలి బిగించే ఉంటుంది, అందులోంచి ఏదో జారిపోతున్నట్టు. "నీకు సినిమాల్లో చాన్సు ఖాయం తల్లీ!" అని ఆటపట్టిస్తే నవ్వి ఊరుకుంటుంది.

ఆ రోజు ఆమెకు వచ్చింది, పాపను అధికారులు పిల్లల హోమ్‌కు తీసుకెళ్లిపోయిన తల్లి పాత్ర. ఎదుటి కుర్చీలో అమ్మాయి పాఠం అప్పజెప్పినట్టు అడిగింది: "మీకు ఇప్పుడు ఎలా అనిపిస్తోందండీ?" "నా కొంగు పట్టుకుంటేగానీ నిద్రపోదండీ అది. ఆవేళ ఎంతకీ వదలకపోతే, ఒక్కో వేలూ విడదీశారు," అంది ఆమె. నటన ముగిశాక చేతులు దులుపుకుని, తామెవరో పైకి చెప్పాలన్నది ఆ క్లాసు నియమం. లేకపోతే ఒకరి దుఃఖం మన వెంటే ఇంటిదాకా వస్తుందంటారు మేడమ్. "ఇక బయటికి రామ్మా. చేతులు దులుపుకుని, నువ్వెవరో చెప్పు," అన్నారావిడ.

ఆమె చేతులు దులిపింది. ఎడమచెయ్యి తెరుచుకుంది. కుడి పిడికిలి విడలేదు.

"నేను ఆ పాపని, మేడమ్."