కస్తూరి కొండ మీద వల ముడి

1964 అక్టోబరు, రెండో మంగళవారం, పగలు పదకొండు గంటలకు ఆ హిమాలయపు పోస్టుకు చేరాను. వీపున మూట, భుజాన తుపాకి, కాళ్ళకు కరిచే కొత్త బూట్లు. కింద దేవదారు అడవి, పైన రాయి, ఆపైన మంచు. పులికాట్ సరస్సులో పడవ మీద పెరిగినవాణ్ణి. అంత ఎత్తున ఊపిరి అందలేదు.

దారిలో ఒక బోర్డు ఉంది. నాకప్పటికి అక్షరం రాదు. చదువు తర్వాత పట్టాళంలోనే నేర్చుకున్నాను. మా వైర్‌లెస్ మనిషి బల్బీర్ చదివి చెప్పాడు. ఒకప్పుడు అది రాజుల వేట అడవి. ఇప్పుడు రక్షిత అడవి. జంతువును చంపినవాడు సిపాయైనా సరే, శిక్ష తప్పదు.

పోస్టులో మేం నలుగురం. హవల్దారు, బల్బీర్, వంట చేసే చెంచయ్య, నేను. చెంచయ్య నాయుడుపేట దగ్గరి రైతుబిడ్డ. పిండి, కిరసనాయిలు కింది పల్లె కూలీలు మోసుకొచ్చేవాళ్ళు. వాళ్ళ పెద్ద నోర్బు అనే ముసలాయన. కస్తూరి జింకలు వాళ్ళకు అమ్మవారి మంద. వాటిని తాకరు, తాకనివ్వరు.

సాయంత్రాలు ఊరికే కూర్చోలేక దారంతో సంచులు అల్లేవాణ్ణి, వల అల్లినట్టే. మా రేవులో దారాన్ని బొటనవేలి కిందుగా రెండు చుట్లు తిప్పి బిగిస్తారు. పక్క రేవులో కూడా అలా వేయరు. హవల్దారు నా పక్కన కూర్చుని ఆ ముడి నేర్చుకున్నాడు. బల్బీర్‌కు ఆసక్తి లేదు. చెంచయ్యకు ఎంత చెప్పినా రాలేదు.

“నీ ముడి గోతానికి గూడా పనికిరాదు రా.”

“మేం వడ్లు పండించేవాళ్ళం అన్నా. చేపల్ని కట్టేసుకోని కూర్చోం.”

నవంబరులో ఒక పొద్దున నోర్బు వచ్చాడు. వీపున మోత లేదు. చేతిలో ఉచ్చు ఉంది. మా కాళ్ళ ముందు పడేశాడు. అందులో మగజింక చచ్చి పడి ఉందట. కస్తూరి తిత్తి కోసుకుపోయారట.

“మీలో ఒకడు చేశాడు. వాణ్ణి దించెయ్యండి. లేకపోతే పిండి పైకి రాదు,” అన్నాడు.

ఉచ్చు చూశాను. మా రేవు ముడి. 

హవల్దారు మమ్మల్ని మంచులో నిలబెట్టాడు. చేతి తొడుగులు తీయమన్నాడు. తలా ఒక తాడు ముక్క ఇచ్చి ముడి వేయమన్నాడు. బల్బీర్ మామూలు ముడి వేశాడు. చెంచయ్యది గోతం ముడి. నాది ఉచ్చుతో సరిపోయింది. వేరే ముడి వేసి ఉండొచ్చు. చేయని పనికి దాచుకోవడం ఎందుకు?

“దొంగ దొరికాడు,” అన్నాడు హవల్దారు.

“ఇంకా మీరున్నారు సాబ్. మీరూ వేయండి,” అన్నాను.

“అడిగేవాణ్ణి నేను.”

చెంచయ్య నా మోచెయ్యి గిల్లాడు. “నోరు మూసుకో అన్నా. ఉద్దోగం పోతాది.”

“తప్పు చేసినోడిది పోవాల. నాదెందుకు పోతాది?”

నోర్బు హవల్దారు తొడుగులకేసి చూశాడు. మోసినవాళ్ళకు కూలి ఇచ్చేది హవల్దారే. ముసలాయన తల తిప్పుకున్నాడు.

బల్బీర్ వైర్‌లెస్‌లో కిందికి చెప్పాడు: “ఒకణ్ణి దించుతున్నాం. వేట కేసు. ఓవర్.”

కింద విచారణ జరిగింది. ముడి తప్ప సాక్ష్యం లేదు. నాకు శిక్ష వేయలేదు. నేను చేయలేదని వాళ్ళు తేల్చనూ లేదు. గిడ్డంగిలో సరుకు దించే పనికి వేశారు. ఆ కొండకు మళ్ళీ పంపలేదు.

అరవై ఎనిమిదిలో పట్టాళం వదిలి వచ్చాను. నాయుడుపేట స్టేషన్లో మా బావ ఎదురొచ్చాడు.

“ఏం బావా, మంచుకొండల్లో ఏం చూసినావు?”

“చేతులు చూసినాను,” అన్నాను. పిచ్చెక్కిందనుకున్నాడు.

అదే చూశాను. చలికి ఎర్రబడిన మూడు జతల వట్టి చేతులు. ఎదురుగా ఒక జత తోలు తొడుగులు. జింకను హవల్దారే చంపాడని చెప్పను, కళ్ళారా చూడలేదు కాబట్టి. ఆయన తొడుగులు తీయలేదు. అది చూశాను.

ఆరోజు అక్కడున్నవాళ్ళం: బల్బీర్, చెంచయ్య, ముసలి నోర్బు, రమణయ్య అనే నేను. పేరెందుకులే అన్నారు మావాళ్ళు. రాస్తాను. హవల్దారు మోహర్ సింగ్.