మర్లబడ్డరు అంటే

ఈరోజు పొద్దున హెడ్‌ఫోన్‌లో గరగర మొదలైంది. ఆస్పత్రులకు ఫోన్‌లో తెలుగు దుబాసీగా ఉండటం నా ఉద్యోగం. అమెరికాలో, హెర్న్‌డన్‌లో మా ఇంట్లోనే కూర్చుని డాక్టరు ఇంగ్లిష్‌ని పేషెంటుకీ, పేషెంటు తెలుగుని డాక్టరుకీ చేరవేస్తుంటాను. అవతల ఒక పెద్దావిడ, ఛాతీనొప్పితో ఆస్పత్రిలో చేరిందట. ఆమెను ఇంటికి పంపించేయడానికి డాక్టరు కాగితాలు సిద్ధం చేస్తున్నాడు. "నొప్పి మర్లి..." అందావిడ. మిగిలిన ముక్కను గరగర మింగేసింది. "సో, షీ ఈజ్ బెటర్?" అన్నాడు డాక్టరు. నాకు సింహాచలం అంకుల్ గుర్తొచ్చారు.

పదేళ్ల కిందట షాంటిలీలో మా పక్క అపార్ట్‌మెంట్ లక్ష్మికి నాన్నగారాయన. శ్రీకాకుళం వైపు మనిషి, సైన్యంలో రేడియో ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. కూతురి దగ్గర ఆర్నెల్లు ఉండటానికి వచ్చారు. నేనప్పుడే ఈ ఉద్యోగంలో చేరాను. ఇండియన్ స్టోర్‌కి వెళ్తున్నానంటే చాలు, గుమ్మంలో ఆపేవారు.

"ఒక పౌండు బెండకాయలు, లేతవి. ఇప్పుడు నువ్వేటి విన్నావో సెప్పు."

ఒళ్లు మండేది నాకు. "బెండకాయలు అంకుల్! నేనేమన్నా ఎల్‌కేజీ పిల్లనా?"

"లేతవి అన్నాను. అది వదిలేసినావు."

నవ్వేవారు కూడా కాదు. అబ్బ, ఏం చాదస్తం అనుకునేదాన్ని.

ఒక సాయంత్రం చెరువు పక్కన వాకింగ్ చేస్తూ గొప్పలు పోయాను. రోజంతా కాల్స్ తీసుకున్నాను, ఒక్కసారి కూడా పేషెంటుని మళ్లీ చెప్పమని అడగలేదు అన్నాను. "తెలుగు తెలుగే కదా అంకుల్! సగంలోనే అర్థమైపోతుంది." ఆయన నడక ఆపేశారు. బెంచీ మీద కూర్చుని, "ఆ మాటే నేనూ అన్నానమ్మా, ఓపాలి" అన్నారు.

అవి యుద్ధం రోజులు. సరిహద్దు చివరి కొండల్లో వాళ్ల గ్యారిసన్, అంటే సైనిక స్థావరం. మంచు దారులు మూసేస్తే, కంచరగాడిదలు ముందే మోసుకొచ్చిన కిరోసిన్‌తో, పప్పుతో నెలలు గడపాలి. కింద వందమంది జవాన్లు, పైన కొండ కొమ్మున కాపలా ఠాణాలో పన్నెండు మంది. హిందీలో మాట్లాడితే శత్రువు వింటాడని మేజరు కింద రేడియో దగ్గర ఈయన్నీ, పైన కరీంనగర్ యాదగిరినీ కూర్చోబెట్టాడు. ఇద్దరూ తెలుగువాళ్లే, ఇంకేం భయం అనుకున్నారంతా. ఒకరోజు తెల్లవారుతూనే ఠాణా మీద దాడి జరిగింది. ఠాణాలోవాళ్లు తిప్పికొట్టారు. కాసేపటికి గరగర మధ్య యాదగిరి అరిచాడు: "అన్నా, మర్లబడ్డరు!"

"ఎనక్కి మళ్లిపోనారు అనుకున్నాను" అన్నారు అంకుల్. "మేజరు సాబుకి అదే సెప్పినాను. సాయం ఎల్లడానికి బూట్లు కట్టుకున్నోళ్లని టీ తాగమన్నారు."

యాదగిరి చెప్పింది వేరు. వాళ్ల కరీంనగర్ వైపు మర్లబడటమంటే తిరగబడటం. శత్రువు మళ్లీ మీదికొచ్చాడని అతని కేక. అరగంట తర్వాత రేడియో పలికింది. "ఎప్పుడొస్తరే అన్నా?" అప్పుడు కిందివాళ్లు పరుగెత్తారు. ఠాణా నిలిచింది. యాదగిరి కుడిచెయ్యి మాత్రం పోయింది.

"తరవాత మా గ్యారిసన్ సరిత్ర అచ్చేసినారమ్మా. వాతావరణం బాగోక సాయం ఆలస్యమైందని రాసినారు. వాతావరణం కాదు. నేనే."

ఆస్పత్రికి వెళ్లి యాదగిరికి జరిగిందంతా చెప్పేశారట. అంతా విని, "నువ్వు అడగలే, నేను ఇడమర్చి చెప్పలే. ఇగనన్న అడుగు అన్నా" అన్నాడట.

"తెలీని మాటైతే ఎవుడైనా అడుగుతాడు" అన్నారు అంకుల్, లేస్తూ. "తెలుసనుకున్న మాట దగ్గిరే అడగాల."

మరుసటి వారమే ఒక పెద్దాయన ఫోన్‌లో "పెయ్యి కాలుతున్నది" అన్నాడు. మా తెనాలిలో పెయ్య అంటే ఆవుదూడ. అమెరికాలో దూడ కాలడమేమిటి దేవుడా అనుకుని, మొహమాటం చంపుకుని అడిగాను. పెయ్యి అంటే ఒళ్లట, ఆయనకు జ్వరం. ఈ సంగతి చెబితే అంకుల్ పొలమారేదాకా నవ్వారు. ఆయన నవ్వగా చూడటం నాకదే మొదలు. వెళ్లిపోయే రోజు ఎయిర్‌పోర్ట్‌లో బెండకాయల మీద జోకు వేసి పంపించానే తప్ప, నా చదువులేవీ నేర్పని పని మీరు నేర్పారని చెప్పలేకపోయాను. రెండేళ్ల తర్వాత ఆయన పోయారని లక్ష్మి ఫోన్ చేసింది. ఆ మాట చెప్పలేదన్న బాధ ఇప్పటికీ ఉంది.

"హలో? బెటరేనా?" డాక్టరు తొందరపెట్టాడు. కాదో అవునో ఏదో ఒకటి అనేస్తే కాల్ ముగిసిపోతుంది. ఒక్క నిమిషం ఆగమన్నాను.

"అమ్మా, సగమే వినపడింది. నొప్పి మర్లిపోయిందా, మర్లి వచ్చిందా?"

"మర్లొచ్చింది బిడ్డా. ఇందాకటి సంది గుంజుతున్నది. ఎవ్వలు అడగకపాయిరి, ఊకున్న."

ఆమె మాటలన్నీ ఇంగ్లిష్‌లో చెప్పాను. అవతల కీబోర్డు చప్పుడు ఆగింది.

"డాక్టర్, ఇప్పుడు మీరేం విన్నారో ఒకసారి చెప్తారా?" అన్నాను.

విసుక్కున్నాడు. విసుక్కుంటూనే చెప్పాడు: నొప్పి తిరిగి వచ్చింది, ఈవిడను ఇంటికి పంపడం లేదు.