గొళ్లెం ఏ వైపు

క్లస్టర్ తలనొప్పి, అంటే రోజూ ఒకే వేళకు ఒక కంటి వెనక పొడిచే నొప్పి, ఉన్నవాళ్లకు పనికొచ్చేలా ఒక చిన్న పుస్తకం రాస్తున్నాను. నాకూ ఆ నొప్పి ఉంది. రాసినంత వరకు చదివి వినిపిద్దామని ఈ మధ్యాహ్నం గద్వాలలో అదే నొప్పి ఉన్న ఒక నేతకారుడి ఇంటికి వెళ్లాను.

వాళ్లమ్మ అరుగు మీద నూలు కండెలు చుడుతోంది. లోపల ఆడుతున్న మగ్గం ఉన్నట్టుండి ఆగింది. ఆమె లేచి, ఆ గది తలుపుకు బయటి నుంచి గొళ్లెం పెట్టింది.

"వీనికి గాలి సోకే యాళ్లయింది బిడ్డా. రోజూ గిదే యాళ్లకొస్తది."

లోపల అడుగులు మొదలయ్యాయి. ఆ గోడ దాకా, మళ్లీ ఈ గోడ దాకా. మధ్యలో నుదురు గోడకు కొట్టుకుంటున్న మోత. అవి నా అడుగులే. ఇన్నేళ్లలో బయటి నుంచి ఎన్నడూ వినలేదు.

"గాలి కాదమ్మా, నొప్పి. నాకూ గిట్లనే వస్తది. గొళ్లెం తియ్యి."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "మరి నిన్నెవరు లోపలేస్తరు?"

"నేనే లోపలి నుంచి పెట్టుకుంట."

ఆమె గొళ్లెం తీసింది. అతను ఒక కంట నీరు కారుతుండగా వాకిట్లోకి వచ్చి తిరగసాగాడు.

'తలుపు తెరిచి ఉంచండి, తిరగనివ్వండి' అని పుస్తకం మొదట్లో రాసింది నేనే. ఇంటికొచ్చి నా గది లోపలి గొళ్లెం ఊడదీశాను.

మీ ఇంట్లో గొళ్లెం ఏ వైపు ఉంది?