ఒకటో నంబరు తిన్న కోడి

ఇది ఒక మహా సంగ్రామ గాథ. ఇందులో దాదాపు వెయ్యి మంది సైన్యం ఉంది. ఆకలి ఉంది, నింద ఉంది, పదకొండేళ్ళ వ్రతం ఒకటి నిట్టనిలువునా కూలబోయే ఘట్టం ఉంది. ఎర్రని ద్రవం నేల మీద ఒలికిన చోటు కూడా ఉంది.

సరే, నిజం చెప్పేస్తాను. ఆ సైన్యం పటాన్‌చెరు అవతల వాల్వులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలోని కార్మికులు. ఆ ఎర్రని ద్రవం చికెన్ పులుసు. సంగ్రామానికి కారణం నేను రాసిన నాలుగు లైన్ల ప్రోగ్రాం. క్యాంటీన్ గొడవ అని మొదలుపెడితే మీరు పేజీ తిప్పేస్తారని కొంచెం పెంచాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. అమీర్‌పేటలో మూడు నెలలు విజువల్ బేసిక్ నేర్చుకుని, ఇస్నాపూర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని, లోకంలోని కంప్యూటర్లన్నీ నా వేళ్ళ కోసమే కాచుకుని ఉన్నాయన్న నమ్మకంతో బతుకుతున్నాను. లోకం సంగతేమో గాని ఆ ఫ్యాక్టరీలో మాత్రం ఒక కంప్యూటర్ ఖాళీగా ఉండేది. ట్రెయినీగా తీసుకున్నారు. ట్రెయినీ అంటే టోకెన్ నంబరు లేని మనిషి. టోకెన్ నంబరు లేని మనిషికి అక్కడ ఉన్న మర్యాద, చైను లేని సైకిలుకు ఉన్నంత.

టోకెన్ల గురించి కొంచెం చెప్పాలి. ప్రతి కార్మికుడికీ నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ళ ఒకటి ఉండేది. మనిషి ఎంత పాతవాడైతే నంబరు అంత చిన్నది. మధ్యాహ్నం క్యాంటీన్ కిటికీలో సత్తెమ్మక్క ఆ బిళ్ళ తీసుకుని డబ్బాలో వేసి, ప్లేటు ఇప్పించేది. బిళ్ళ డబ్బాలో పడిందంటే ఆ నంబరు ఆ రోజుకు తిన్నట్టే. సోమవారం నాడు చికెన్. ఆదివారం కల్లు తాగినవాళ్ళు సోమవారం డ్యూటీ ఎగ్గొడుతున్నారని ఎవరో తెలివైనవాడు ఆ ఏర్పాటు చేశాడు. అప్పటి నుంచి సోమవారాలు జ్వరాలు రావడం మానేశాయి.

ఒకటో నంబరు లింగారెడ్డి పటేల్‌ది. ఫ్యాక్టరీకి భూమి ఇచ్చినవాళ్ళలో ఆయన మొదటివాడు, కాబట్టి ఉద్యోగంలోనూ మొదటివాడు. కంప్రెసర్ గదిలో పని. మిషన్ మీద స్క్రూడ్రైవర్ ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, ఎక్కడ ఏ బేరింగ్ మూలుగుతోందో చెప్పేవాడు. సోమవారం ఆయనకు ఒక్కపొద్దు ఉపవాసం. ఝరాసంగం సంగమేశ్వరుడి పేరు మీద పదకొండేళ్ళుగా భార్యాభర్తలిద్దరూ ఉంటున్నారు. ఆ రోజు క్యాంటీన్లో రెండు అరటిపండ్లు మాత్రమే తీసుకుని, చికెన్ తింటున్నవాళ్ళను చూసి "తినుండ్రి బిడ్డా, తినుండ్రి" అని దేవుడిలా నవ్వేవాడు.

ఒకరోజు పర్సనెల్ మేనేజర్ మూర్తిగారు నన్ను పిలిచారు.

"ఈ బిళ్ళల గోల ఇంక చాలయ్యా. సోమవారం నుంచి కంప్యూటర్లో నంబరు కొడితే స్లిప్పు రావాలి. వస్తే నీకూ ఒక టోకెన్ ఇస్తాను. రాకపోతే బస్సు టికెట్ ఇస్తాను."

రాశాను. తెర మీద నంబరు కొట్టడానికి ఒక గడి, పక్కన ఒక బటన్. నంబరు కొట్టి బటన్ నొక్కితే స్లిప్పు. అప్పటికే తిన్న నంబరైతే 'టింగ్' మని శబ్దం, కింద ఎర్ర అక్షరాలు. కిటికీ దగ్గర ఇకమీదట సత్తెమ్మక్కే కొట్టాలి కాబట్టి శనివారం సాయంత్రం ఆమెకు చూపించాను. ఆమె చెంగుతో చేతులు తుడుచుకుంటూ చూసింది.

"నంబర్ కొట్టాలె. మళ్ళ గా బటన్ నొక్కాలె. రెండు పనులా సారూ?"

"అవునక్కా."

"బిళ్ళకైతే ఒక్కటే పని ఉండె."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. అమీర్‌పేటలో చదివిన విద్య ఇత్తడి బిళ్ళ ముందు ఓడిపోవడమా! విజువల్ బేసిక్‌లో ఒక సౌకర్యం ఉంది. గడిలో ఉన్నది మారగానే, ఎవరూ ఏ బటనూ నొక్కకుండా, దానంతటదే పని నడుస్తుంది. దాన్ని చేంజ్ ఈవెంట్ అంటారు. బటన్ వెనుక ఉన్న నాలుగు లైన్లు కోసి తెచ్చి అందులో అతికించాను. బటన్ పీకేశాను.

ప్రోగ్రాములు తెలిసిన పాఠకులు ఇక్కడే తల పట్టుకుని ఉంటారు. తెలియనివాళ్ళు తొందరపడకండి, మీ వంతు కూడా వస్తుంది.

పరీక్షించలేదా అంటారేమో. ఎంత శ్రద్ధగా పరీక్షించానని! ఒకటి కొట్టాను, స్లిప్పు వచ్చింది. రెండు కొట్టాను, వచ్చింది. అలా తొమ్మిది దాకా కొట్టాను. ఆ తర్వాత వచ్చేవన్నీ ఆ అంకెలే కదా, కొత్తగా ఏముంటాయని ఆపేశాను.

సోమవారం వచ్చింది. మొదటి గంట కొట్టారు. మొదటి గంటకు కొత్తవాళ్ళు, అంటే మూడంకెల నంబర్లవాళ్ళు వస్తారు. పాతవాళ్ళు రెండో గంటకు గాని కదలరు. లైన్లో తోసుకోవడం వాళ్ళకు నామోషీ. అందరికంటే ముందు వచ్చింది మునీలాల్ అనే బీహారీ వెల్డర్, నంబరు 457. సత్తెమ్మక్క కొట్టింది. ప్రింటర్ కీచుమంది. మళ్ళీ కీచుమంది. మళ్ళీ.

"సారూ, మూడొచ్చినయి."

నేను ఆ క్షణంలో మూర్తిగారికి నా గొప్పతనం వివరిస్తున్నాను. వెనక్కి కూడా చూడలేదు.

"వచ్చినవి ఇచ్చెయ్యక్కా. కంప్యూటర్ ఊకెనే ఇయ్యది."

ప్రింటర్ రిబ్బన్ పాతది. స్లిప్పు మీద చికెన్ అన్న మాట తప్ప మిగతాదంతా మసక. ఆకలి మీద ఉన్నవాడికి అంతకంటే చదవాల్సింది కూడా లేదు. మునీలాల్ మూడు ప్లేట్లు చేతుల మీద పేర్చుకుని, పులుసు నేల మీద ఒలకబోసుకుంటూ, నా దగ్గరకు వచ్చి మరీ చెప్పాడు.

"సాబ్, బహుత్ అచ్ఛా మిషన్ హై."

నా జీవితంలో ప్రోగ్రాముకు దక్కిన మొదటి ప్రశంస అది. కళ్ళు చెమర్చాయి.

ఆ తర్వాత కొందరికి మూడు, కొందరికి రెండు, చివరికి ఒకటి చొప్పున స్లిప్పులు వచ్చాయి. మధ్యలో టింగ్ టింగ్ మని శబ్దాలు. అదేమిటని సత్తెమ్మక్క అడగలేదు. మిషన్ పని చేస్తున్నందుకు గంట కొట్టుకుంటోందనుకుందట.

రెండో గంట కొట్టారు. పాతవాళ్ళు వచ్చారు, తొంభై తొమ్మిది మంది, ముందు లింగారెడ్డి పటేల్.

"సత్తెమ్మా, నాకు రెండు పండ్లు."

ఆమె ఒకటి కొట్టింది. టింగ్. తెర మీద ఎర్రగా పడింది: టోకెన్ ఒకటి, చికెన్, టేకెన్.

లైన్లో ఎవడో పెద్దగా చదివాడు. ఇంకెవడో తర్జుమా చేశాడు: ఒకటో నంబరు చికెన్ తీసేసుకున్నాడని. క్షణంలో క్యాంటీన్ మొత్తం పటేల్ వైపు తిరిగింది.

"పటేలా, ఒక్కపొద్దంటివి?"

"ఎవడ్రా అన్నది? నేను ఇప్పుడే వచ్చిన!"

"ముందుగాల్నే వచ్చి తినిపోయిండేమో. కంప్యూటర్ రాసింది గద."

మింగను మెతుకు లేదు, మీసాలకు మాత్రం చికెన్ పులుసు. పాపం, పటేల్ పరిస్థితి అదీ. తర్వాత రెండో నంబరాయన తన నంబరు కొట్టించాడు. టింగ్. మూడు. టింగ్. తొంభై తొమ్మిది దాకా ఎవరికీ స్లిప్పు లేదు. కోటి విద్యలు కూటి కొరకే అంటారు. నా ఒక్క విద్య తొంభై తొమ్మిది మంది కూడు లాగేసింది.

మూర్తిగారు మాత్రం కాగితం చూసి మురిసిపోతున్నారు. "తొమ్మిది వందల తొంభై ఐదు మంది, తొమ్మిది వందల తొంభై ఐదు స్లిప్పులు. ఇంత కచ్చితంగా ఉంటే తప్పెక్కడయ్యా?"

"తప్పు నా కడుపుల ఉంది సార్," అన్నాడు రెండో నంబరు.

లింగారెడ్డి పటేల్ నా భుజం పట్టుకుని పక్కకు లాగాడు. ఆయన ముఖంలో దేవుడి నవ్వు లేదు.

"పిలగా, రెండు గంటలకు షిఫ్టు బస్సు పోతది. బస్సుల మా ఊరోళ్ళు పది మంది. నేను ఇల్లు చేరేలోపల ఈ ముచ్చట మా ఇంటామెకు చేరుతది. బస్సు కదిలేలోపల నీ మిషన్ తోటి నిజం చెప్పించు. లేకుంటే నిన్నే ఆమె ముంగట నిలవెడ్త."

"ఆమెకు చెప్తె నమ్మదా పటేల్?"

"ఆమె నా మాట నమ్మదు. అది వేరే ముచ్చట."

సత్తెమ్మక్క కిటికీలోంచి ముసిముసిగా నవ్వింది. "మిషన్‌కు తెల్వనియి నాకు శాన తెలుసు," అంది. ఆ మాట నేను పట్టించుకోలేదు. అప్పుడు నేను ఏదీ పట్టించుకునేవాణ్ణి కాదు.

తప్పు వెతకడం మొదలైంది. ముందు కోడ్ మీద కోపం కీబోర్డు మీద చూపించి, పులుసు కారిందేమోనని తలకిందులు చేసి దులిపాను. రెండు మెంతిగింజలు రాలాయి. తర్వాత వైరస్ అన్నాను. తర్వాత కరెంటు హెచ్చుతగ్గులన్నాను. చివరికి గురువుగారు నేర్పిన అస్త్రం తీశాను: బ్రేక్ పాయింట్. ప్రోగ్రాం నడుస్తూ నడుస్తూ మనం గుర్తుపెట్టిన లైను దగ్గర ఆగి, గడిలో ఏముందో చూపిస్తుంది.

"కొట్టక్కా, మూడొందల పద్దెనిమిది."

ఆమె మొదటి అంకె కొట్టగానే తెర స్తంభించింది. పసుపు గీత పడింది. గడిలో 3.

"మూడు కొట్టి ఆగినవ్‌గదా!"

"నేనేడ ఆగిన సారూ? అదే ఆగింది."

"మూడే ఉంది చూడు. కంప్యూటర్ అబద్ధమాడది."

"అయితే నేనాడుతున్ననా?"

"మళ్ళ కొట్టు."

మళ్ళీ అదే. నాలుగుసార్లు కొట్టించి, నాలుగుసార్లు ఆమెనే తిట్టాను. పాఠకులారా, గమనించండి. నేరస్థుడు నా కళ్ళముందు నిలబడి, చేతులు జోడించి, "మొదటి అంకెకే నేను లేచి పని చేస్తున్నాను స్వామీ" అని నాలుగుసార్లు ఒప్పుకున్నాడు. నేను సాక్షిని కొడుతున్నాను.

ఒంటిగంటన్నర అయింది. లింగారెడ్డి పటేల్ ముందుకు వచ్చాడు.

"జెర జరుగు పిలగా. నీ పసుపు గీత తీసెయ్. దాన్ని ఉరకనియ్యి."

తీసేశాను. ఆయన కంప్యూటర్ డబ్బా మీద జేబులోని స్క్రూడ్రైవర్ ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు.

"సత్తెమ్మా, ఒకటి కొట్టు."

టింగ్.

"తుడిపెయ్. పన్నెండు కొట్టు."

టింగ్ టింగ్.

"నూట డెబ్బై రెండు."

టింగ్ టింగ్ టింగ్.

ఆయన స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకున్నాడు.

"వేలు ఎన్నిసార్లు పడితే గన్నిసార్లు మొత్తుకుంటది. మనిషి మాట ముగించక ముందే ఉరికే గుణం దీనిది. నూట డెబ్బై రెండు కొట్టాలంటే ముందుగాల ఒకటి కొట్టాల్నా లేదా? గా ఒకటి నేను. వాడు తిన్నది నా కోడి."

లెక్క వేసుకున్నాను. 457 కొడితే నాలుగో నంబరు తిన్నాడు, నలభై ఐదో నంబరు తిన్నాడు, ఆ తర్వాత 457 తిన్నాడు. అన్నీ మునీలాల్ కడుపులోకే వెళ్ళాయి. మూడు నెలల అమీర్‌పేట విద్యను ఒక స్క్రూడ్రైవర్ మూడు టింగుల్లో విప్పేసింది.

మూర్తిగారు నా వైపు చూడలేదు. "పాతవాళ్ళకు ఉప్మా చేయించండి," అన్నారు. సోమవారం నాడు ఉప్మా తింటున్న తొంభై ఎనిమిది మంది చూపులు ఎలా ఉంటాయో చెప్పడానికి నా దగ్గర మాటలు లేవు. పటేల్ పండ్లు కూడా ముట్టలేదు. మిషన్‌ను ఇంటికి మోసుకెళ్ళలేడు కాబట్టి నన్ను చెయ్యి పట్టుకుని షిఫ్టు బస్సెక్కించాడు.

జిన్నారం దారిలో వాళ్ళ ఊరు. బస్సు కంటే ముందే ఎవడో మోపెడ్ మీద వార్త మోసుకెళ్ళాడు. ఆయన భార్య వాకిట్లో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. పటేల్ నన్ను ముందుకు తోసి, నా వెనుక నిలబడ్డాడు. కంప్రెసర్లకు భయపడని మనిషి.

"అమ్మా," అన్నాను, "పటేల్ తినలే. తప్పు నాది. గడిల చేంజ్ అని ఒక ఈవెంట్ ఉంటది. నంబర్ పూర్తిగ కొట్టకముందే..."

పావుగంట చెప్పాను. అమీర్‌పేట మాస్టారు కూడా అంత వివరంగా చెప్పలేదు. ఆమె మధ్యలో ఒక్కసారి కూడా అడ్డుపడకుండా విన్నది.

"అంటే ఈన తినలే. ఈన నంబర్ తిన్నది."

"అవునమ్మా! సరిగ్గ గదే!" నా వెనుక పటేల్ గట్టిగా ఊపిరి వదిలాడు.

"మరి పోయిన సోమవారం అంగికి మసాల వాసనొచ్చింది. అప్పుడు మిషన్ లేకుండె గద?"

వెనుక ఊపిరి ఆగింది. భుజం మీద పటేల్ చెయ్యి బిగిసింది. సత్తెమ్మక్క నవ్వు అప్పుడు నాకు అర్థమైంది. అందరూ వెళ్ళిపోయాక ఒకటో నంబరు బిళ్ళ సోమవారాల్లో ఏ ప్లేటు కోసం డబ్బాలో పడేదో చూసిన కళ్ళు ఆమెవి.

"పోయిన సోమవారం... ట్రయల్ నడిచిందమ్మా."

"గంతకు ముందు సోమవారం?"

"సెటప్ చేసినం."

"రెండేండ్ల సంది సెటప్పేనా?"

"పెద్ద ప్రోగ్రాం అమ్మా."

ఆమె నన్ను చూసింది. నా వెనుక ఉన్న ఆరడుగుల మనిషిని చూసింది. "మంచిగనే రాసినవ్ ప్రోగ్రాం," అంది. "కూసో, చాయ్ తాగి పో. ఈనకు మాత్రం రాత్రికి జొన్న గటకే."

మర్నాడు పొద్దున లింగారెడ్డి పటేల్ మూర్తిగారి గదిలోకి వెళ్ళి, "పిలగాడు అక్కరకొచ్చే మనిషి, నంబర్ ఇయ్యుండ్రి," అన్నాడట. ఎందుకు అక్కరకొస్తాడో చెప్పలేదట. నాకు 996 వచ్చింది. బటన్ మళ్ళీ పెట్టాను. ఎంటర్ కొట్టినా పని చేసేలా చేశాను.

తర్వాతి సోమవారం కీబోర్డు మీద కుడిచెయ్యి పెట్టి, ఎడమచేత్తో కోడి ఎముక పట్టుకుని, సూర్యచంద్రుల సాక్షిగా, సత్తెమ్మక్క సాక్షిగా శపథం చేశాను: ఎదుటివాడు మాట పూర్తి చేయకముందే పరుగెత్తే ప్రోగ్రాం ఈ జన్మలో రాయను, తొమ్మిదితో అంకెలు అయిపోయాయని అనుకోను, ఇంకొకరి ఒక్కపొద్దు జోలికి పోను.

క్యాంటీన్ కిటికీ మీద ఒక కాగితం అతికించారు. అందులో ఇలా ఉంది: నంబరు కొట్టిన తర్వాత ఎంటర్ నొక్కవలెను.