కొబ్బరినూనె పోసిన తాళం

ఈ చలికాలం మా అరకు ఇంటి తలుపుకున్న పాత ఇత్తడి తాళం మళ్లీ బిగుసుకుపోయింది. కిరసనాయిలు ఎక్కడా దొరక్క పెట్రోలుతో కడిగి, ఆరబెట్టి, కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేశాను. నూనె తడి ఇత్తడి వాసన ముక్కుకు తగలగానే చిన్నప్పుడు గూడెం కొత్తవీధి అనే ఊళ్లో మేమున్న పెంకుటిల్లు గుర్తొచ్చింది.

నాన్న అక్కడి బడిలో మాస్టారు. విజయనగరం వైపు నుంచి వచ్చిన మాకు కొండచలి కొత్త. కుంపటి చుట్టూ చేరి కాల్చిన చిలగడదుంపలు ఊదుకుంటూ తినడం, గడ్డకట్టిన కొబ్బరినూనె సీసాని అమ్మ ఆ పక్కనే పెట్టి కరిగించి నా జడలకు పట్టించడం, ఆదివారమైతే నాన్న ఇంట్లో తాళాలన్నీ ముందేసుకుని కూర్చోవడం, ఇదీ మా చలికాలం. నాన్నకి తాళాల పిచ్చి. వాటికి కుట్టుమిషను నూనె తప్ప ఇంకోటి ముట్టనిచ్చేవాడు కాదు.

ఆయన నర్సీపట్నం వెళ్లిన రోజు, తలుపు తాళం బిర్రుగా తిరుగుతోందని అమ్మ అందులో కొబ్బరినూనె పోసింది. "ఏ నూనయితే ఏటి, నూనె నూనే" అంది. మర్నాడు పొద్దున్నే, నాన్న ఇంకా తిరిగి రాకముందే, కుంపటి పక్కన సీసా పెట్టి, అప్పుడప్పుడే పాకుతున్న తమ్ముడు నిద్రపోతున్నాడు కదా అని, కుక్కలు దూరకుండా బయట తాళం నొక్కి, నన్ను వెంటబెట్టుకుని కుళాయికి వెళ్లింది. మంచులో బిందెలతో తిరిగొచ్చేసరికి తాళంచెవి తిరగలేదు. లోపల తమ్ముడు లేచి ఏడుస్తున్నాడు.

"బేగి రాయెట్టి కొట్టండమ్మా!" అంటూ పొరుగింటి దేవుడమ్మ తనే రాయి తెచ్చి కొట్టింది. నాన్న ఏరికోరి కొన్న తాళం, చెక్కుచెదరలేదు. ఇంతలో లోపల ఏడుపు ఆగిపోయింది.

"సీసాలోనాగే దీన్లోనూ నూనె గడ్డకట్టిపోనాది" అంది అమ్మ. తాళాన్ని రెండు అరచేతుల్లో బిగించి, కన్నానికి నోరానించి, ఉన్న ఊపిరంతా పెట్టి ఊదింది. మధ్యమధ్య "అమ్మొచ్చేసినాదిరా నాన్నా, కుంపటికాడికెల్లకు" అని తలుపులోకి చెబుతుంది, మళ్లీ ఊదుతుంది. ఎంతసేపటికో చెవి తిరిగింది.

తమ్ముడు కుంపటికి జానెడు దూరంలో కూర్చుని, కరిగిన నూనెంతా ఒంటిమీద ఒంపుకుని, నిగనిగలాడుతూ నవ్వుతున్నాడు. అమ్మ ఎత్తుకోబోతే చేపపిల్లలా చేతుల్లోంచి జారాడు. అమ్మ నవ్వబోయి, గడపమీద కూలబడి ఏడ్చింది.

ఆ పెంకుటిల్లు పోయింది, ఇళ్లల్లో కుంపట్లు పోయాయి, నాన్నా అమ్మా పోయారు. తమ్ముడికైతే ఇదేమీ గుర్తులేదు. ఈ తాళం మాత్రం మిగిలింది.

ఇప్పుడది హాయిగా తిరుగుతోంది. అయినా కన్నానికి నోరానించి ఒక్కసారి ఊదాను. అమ్మొచ్చేసినాదిరా అని తలుపవతల నుంచి చెప్పేవాళ్లు నాకింక లేరు. ఇంత వయసొచ్చీ, అమ్మలాగే గడపమీద కూర్చుని ఏడ్చాను.