గడప కోసిన బ్లేడు

2016లో టెక్కలిలో నాకు పవర్ టూల్స్ దుకాణం ఉండేది. ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం భావనపాడు నుంచి నూకరత్నం అనే ఆవిడ వచ్చింది. ఊరూరా తిరిగి చేపలమ్ముతుంది.

"సెక్క కోసే మిషనియ్యి బాబూ. గుండ్రంగా తిరిగే బిళ్ళుంటాది సూడు, అది," అంది.

ఆమె అడుగుతున్నది ఇనుము, రాయి కోసే గ్రైండర్. ఏం కొయ్యాలని అడిగితే సంగతి చెప్పింది. భర్త ఎర్రయ్య పడవలో జారిపడితే నడుము దెబ్బతింది. ఆరు నెలలుగా చక్రాల కుర్చీలోనే ఉన్నాడు. గుమ్మానికి మూడంగుళాల గడప. ఇద్దరు పట్టి లేపితేనే కుర్చీ బయటికొస్తుంది. ఆమె బుట్ట ఎత్తుకుని వెళ్లిందంటే అతను సాయంత్రం దాకా లోపలే.

"బల్ల వాలుగా వేస్తే కుర్చీ ఎక్కదా?" అన్నాను.

"గది ఇరుకు బాబూ, బల్లకి సోటు నేదు. వడ్రంగిని పిలిస్తే గడప కోస్తే ఇంటికి సెడన్నాడు. మా అత్తదీ అదే మాట. మనిషి లోపలుండి కుమిలిపోతే సెడు కాదేటి?"

గ్రైండర్‌తో చెక్క కోస్తే చేయి జారినప్పుడు ప్రమాదం. పైగా అది మూలల్లోకి దూరదు. అందుకని ఆసిలేటింగ్ మల్టీ-టూల్ చూపించాను. దాని బ్లేడు తిరగదు, కుడిఎడమలకు వేగంగా అదురుతుంది. కోత నెమ్మదే గానీ నేలకు ఆనించి మూల దాకా కొయ్యొచ్చు. చెక్కకు వాడే మామూలు బ్లేడు బిగించి, ఒక ముక్క మీద ఆమె చేతే కోయించాను.

"నొక్కొద్దమ్మా, ఊరికే ఆనించి పట్టుకో," అన్నాను. రెండోసారికే చేయి కుదిరింది. మిషను కొని పట్టుకెళ్లింది.

మూడు రోజుల తర్వాత ఫోన్. "బ్లేడు పళ్లన్నీ పోనాయి బాబూ. సగంలో ఆగిపోనాది. ముందే సెప్పేను కదాని మా అత్త ఒకటే గోల."

నాకు సిగ్గేసింది. ఆదివారం బండి మీద వెళ్లాను. గడపకు ఎప్పుడో గుర్రపునాడా కొట్టారట. నాడా ఊడిపోయింది గానీ మేకులు చెక్కలోనే ఉన్నాయి. ఈసారి బై-మెటల్ బ్లేడు బిగించాను. దాని పళ్లు ఇంకా గట్టి ఉక్కువి, చెక్కతోపాటు మేకునూ కోస్తాయి.

మిషను నూకరత్నమే పట్టుకుంది. మేకు తగిలినప్పుడల్లా కీచుమంది. కుర్చీలోంచి ఎర్రయ్య, "ఒసే, కళ్లద్దాలెట్టుకో!" అని అరిచాడు. రెండు వైపుల నుంచీ కోసి, మిగిలింది ఉలితో లేపేశాం.

అంతసేపూ వాకిట్లో మొహం తిప్పుకుని నిలబడ్డ అత్త లోపలికెళ్లి పసుపు తెచ్చింది. వంగి, నేల మట్టానికి మిగిలిన చెక్కకు రాసింది. ఆమె చేయి తీసేదాకా ఎర్రయ్య ఆగాడు. తర్వాత చక్రాలు తనే తిప్పుకుంటూ బయటికొచ్చి, "రేపట్నుంచి వలలు ఇక్కడికే తెమ్మను, బాగుసేస్తాను," అన్నాడు.

అప్పటిదాకా ఏం కోస్తారని మాత్రమే అడిగేవాణ్ణి. ఆ తర్వాత అందులో మేకులున్నాయా అని కూడా అడగందే బ్లేడు చేతికివ్వలేదు. ఆ ప్రశ్న మొదటి రోజే అడిగుంటే, సగం తెగిన గడప ముందు నూకరత్నం అన్ని రోజులు మాటలు పడేది కాదు.