మంచుకు జారిన కంజిర

ఆ రోజుల్లో నాకు చప్పుడే సంగీతం. ఎంత గట్టిగా మోగిస్తే అంత బాగా వాయించినట్టు లెక్క. కొత్తగా టీచరుద్యోగం వచ్చి అరకులో చేరాను. నేను అద్దెకున్న ఇంటావిడ కిరాణా కొట్టు నడిపేది. అందరికీ ఆవిడ కొట్టత్త. సోమవారం భజనలో నన్నూ చేర్చుకుని, ఎవరిదో కంజిర అడిగి తెచ్చి చేతికిచ్చింది. రెండో చరణానికే నా చెయ్యి పరుగందుకునేది; మిగతావాళ్లు రొప్పుతూ వెనకాల వచ్చేవారు. "ఏటి గుంటా, అంత బేగి దేనికి? దేవుడేటి రైలెక్కి ఎల్లిపోతన్నాడా?" అనేది అత్త.

శివరాత్రికి బొర్రా గుహల దగ్గర భజన ఒప్పుకున్నాం. సొంత కంజిర ఉండాల్సిందేనని శుక్రవారం సంతలో డప్పులకు తోలు బిగించే తాత దగ్గరకు అత్తను వెంటబెట్టుకెళ్లాను. ఆయన ముందు చెక్కపెట్టె మీద వాయించమన్నాడు (మా బడి పిల్లల తల్లులంతా చూస్తుండగా). వాయించాను. "సెయ్యి బరువు, పైగా తొందర. ఒక జత బిళ్లలున్న సిన్నది తీసుకో టీచరమ్మా. బిళ్లలెక్కువైతే తప్పులూ ఎక్కువే ఇనబడతాయి. ఆ పెద్దదాని తోలు పలసన, మంచుకి జారిపోతాది" అన్నాడు. నాకు రోషం వచ్చింది. నాలుగు జతల బిళ్లలతో పళ్లెమంత ఉన్న ఆ పెద్దదే కొన్నాను. "ఒగ్గీ తాతా, ఇనే రకం కాదు" అంది అత్త.

శివరాత్రి ఉదయం బొర్రాలో ఒకటే మంచు. నా కంజిర తడిసిన అప్పడంలా మెత్తబడి పలకనంది. వేడి చూపిస్తే తోలు బిగుస్తుందని ఎక్కడో విన్నాను. ఎంత వేడో, ఎంతసేపో వినలేదు. అవతల హారతి అయిపోతోందన్న కంగారులో టీ కొట్టు పొయ్యికి మరీ దగ్గరగా పట్టాను. టప్పుమని తోలు నిలువునా చీలింది. టీ కొట్టాయన కాసేపు దాన్నే చూసి, "టీ ఏటైనా తాగుతారా అమ్మా?" అని మర్యాదగా అడిగాడు.

దాన్ని కొంగుచాటున దాచుకుని వెళ్లాను, కళ్లు తుడుచుకుంటూ (పొగ వల్లే అనుకోండి). అత్త జరిగి చోటిచ్చి, "సప్పట్లు కొట్టు. నా మొకం సూసి కొట్టు" అంది. కొట్టాను. ప్రతి పాదం చివరా ఆవిడ చిన్న ఊపిరి తీసుకుంటుందని ఆ రోజే తెలిసింది. ఇన్నాళ్లూ నేను తొక్కేసింది ఆ జాగానే.

తరువాతి శుక్రవారం నేను నోరు విప్పకముందే తాత చిన్న కంజిర తీసి నా ముందు పెట్టాడు. నవ్వనైనా నవ్వలేదు, నవ్వినా బాగుండేది.

మసి అంటిన ముఖంతో, చీలిన కంజిరను కొంగుచాటున దాచుకున్న ఆ ఇరవై మూడేళ్ల పిల్ల ఇప్పుడు ఎదురైతే నవ్వకుండా ఉండలేను. కానీ ముందు ఒక టీ ఇప్పిస్తాను.